‘కాదు’ అనగానే మాయమైన గడులు

“సంతకం పెట్టను.”

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసి, కాగితం మీద పెట్టి ఆమె వైపు జరిపాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి మళ్లీ ఆయన వైపే జరిపింది. పొద్దుటినుంచి ఇదే ఆట.

“చూశావా వదినా దీని పొగరు?”

“‘దీని’ అనకు. ‘ఈమె’ అను,” అంటూ లోపలికి వచ్చింది డిటెక్టివ్.

యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు, చేతిసంచీ, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. పోలీసులూ దొంగలూ కూడా ఆమెని ‘సూది’ అనే పిలుస్తారు. ఎక్కడ గుచ్చాలో ఆమెకి తెలుసు కాబట్టి. ఇన్‌స్పెక్టరు ఆమెకి స్వయానా మరిది. ఇంట్లో ఆమె వడ్డిస్తే కిక్కురుమనకుండా తింటాడు. కేసు దగ్గర మాత్రం ఆమె మొహం చూస్తే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

“నిన్నెవరు పిలిచారు?”

“పెద్దాయన. ఈ ఫ్యాక్టరీ ఓనరు. ముప్పై ఏళ్లు తన దగ్గర పనిచేసిన మేస్త్రి ఎలా పోయాడో తేల్చమన్నారు.”

“తేలిపోయింది. ఇదిగో.” ఇన్‌స్పెక్టరు ఒక ప్రింటు కాగితం బల్ల మీద కొట్టాడు. “మొన్న మధ్యాహ్నం. బట్టలకి రంగులద్దే మూడో ట్యాంకు. మేస్త్రి లోపలికి దిగి కడుగుతున్నాడు. బయట కాపలా ఈ మహాతల్లి. లోపల మనిషి ఉన్నాడని ఫారంలో పెట్టాలి. పెడితే వేణ్ణీళ్ల వాల్వుకి తాళం పడుతుంది. ఈవిడ ఏం పెట్టింది? చదువు.”

డిటెక్టివ్ కళ్లజోడు పెట్టుకుంది. కాగితం మీద రెండే వరసలు. ట్యాంకు: మూడు. లోపల మనిషి ఉన్నారా: కాదు. కింద కాపలా మనిషి కార్డు నంబరు. అంతే.

“‘కాదు’ అని ఉంటే వాల్వు గదిలో పచ్చదీపం వెలుగుతుంది. నాలుగింటికి అక్కడివాడు పచ్చదీపం చూశాడు, మీట నొక్కాడు. మరిగే నీళ్లు. ఇంకేం చెప్పమంటావు?”

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని ఆ కాపలా మనిషికి ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. రంగు మరకలు పట్టిన గోళ్లు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. గడ్డం మాత్రం పైకే ఉంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెని ‘మొండి’ అంటారు.

“పోయినాయన నీకేమవుతాడు?”

“మా బాబాయి. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే.”

“ఫారంలో నువ్వు ఏం నొక్కావు?”

“‘అవును’. ఆయన పేరు కొట్టాను. దిగిన టైం కొట్టాను. నేను కొట్టింది ఆయన ఇంకోసారి చదివాడు. ఎప్పుడూ చదువుతాడు. ఫారంలో గడి ఖాళీగా ఉంటే ఆయనకి నిద్ర పట్టదు. ‘గడి నిండనిదే కాలు దించను’ అనేవాడు.”

“మరి కాగితంలో పేరేది? టైమేది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“అది నాకేం తెలుసు? నేను కొట్టాను.”

“వాల్వు తెరిచినప్పుడు నువ్వెక్కడున్నావు?” డిటెక్టివ్ అడిగింది.

మొండి మొదటిసారి తల దించింది. “ఆఫీసు వరండాలో. మూడున్నరకి ట్యాంకు పక్కన గోడఫోను మోగింది. ‘నిన్ను ఆఫీసుకి రమ్మంటున్నారు’ అని పెట్టేశారు. గొంతు పోల్చుకోలేదు. కాపలా మనిషి కదిలితే లోపలివాడు పైకి రావాలి. బాబాయిని పైకి పిలిచాను. వచ్చాడు. మూత పక్కన కూర్చుని మంచినీళ్లు తాగాడు. ‘నువ్వొచ్చేదాకా దిగన్లే, పోయిరా’ అన్నాడు. నేను వెళ్లేసరికి ఆఫీసు గదిలో ఎవరూ లేరు. అరగంట నిలబడ్డాను. కేకలు వినపడి పరిగెత్తుకొచ్చాను.”

“దిగనన్నవాడు ఎందుకు దిగాడు?”

“అదే నేనూ అడుగుతున్నాను. పొద్దుటినుంచి ఈ సారుని అడుగుతున్నాను. ఈయన పెన్ను జరుపుతున్నాడు.”

డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది.

“చూడమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “పొరపాటైందని రాసిస్తే చిన్న శిక్షతో పోతుంది. రాయకపోతే సాయంత్రం అరెస్టు చేస్తాను. కోర్టులో ఈ కాగితం ఒక్కటి చాలు.”

“చేసుకోండి.”

“ఎందుకంత మొండితనం?”

“మా పిన్ని నన్ను గడప తొక్కనివ్వలేదు సార్. బాబాయి మొహం చూడనివ్వలేదు. ‘నీ చేత్తో చంపి నా ఇంటికొస్తావా’ అంది. ఈ కాగితం మీద సంతకం పెడితే, ‘అవును పిన్నీ, నేనే చంపాను’ అని నా నోటితో చెప్పినట్టే. జైలుకైనా పోతాను. ఆ మాట మాత్రం చెప్పను.”

డిటెక్టివ్ లేచి సంచీ భుజాన వేసుకుంది.

“పద, ట్యాంకు చూద్దాం. మరిదిగారూ, మీరూ రండి. కుర్చీ అరిగిపోతుంది.”

*

మూడో ట్యాంకు ఇద్దరు మనుషుల ఎత్తుంటుంది. ఉక్కుది. పైకి మెట్లు, పైన గుండ్రటి మూత, మూత పక్కన గోడకి ఒక స్క్రీను, ఒక ఫోను. ఒక కానిస్టేబులు కాపలా ఉన్నాడు. ‘ఏదీ ముట్టుకోవద్దు’ అని ఇన్‌స్పెక్టరు రాయించిన అట్ట మూతకి వేలాడుతోంది.

మెట్ల కింద చెక్క అర ఉంది. దాంట్లో వరసగా రబ్బరు బూట్లు. డిటెక్టివ్ వాటి ముందు ఆగింది. అన్నిటికీ నీలం రంగు అట్టలు కట్టి ఉంది. ఒక్క జత మాత్రం కొత్త పెళ్లికూతురిలా తళతళలాడుతోంది.

“ఇవెవరివి?”

మొండి వంగి చూసింది. “ఎవరివీ కావు. ఎవరైనా పెద్దవాళ్లు చూడటానికి వస్తే వేసుకునే జత.” వేలితో అడుగు భాగం తడిమి మొహం చిట్లించింది. “ఎవరో కడిగారు.”

“కడిగితే తప్పా?”

“మా వాళ్లెవరూ కడగరండీ. రంగు గట్టిపడిన అడుగే ట్యాంకులో పట్టునిస్తుంది. కడిగిన బూటు వేసుకుంటే సర్రున జారి నడుం విరుగుతుంది. మొన్న పొద్దున నేను బూట్లు సర్దినప్పుడు ఇవీ నీలంగానే ఉన్నాయి.”

డిటెక్టివ్ మరిది వైపు తిరిగింది. “విన్నావా? ఇవి వేసుకుని ఎవరో దిగారు. పైకొచ్చి ఆనవాలు లేకుండా కడిగి పెట్టారు. ట్యాంకు పని తెలిసినవాడు కాదు. తెలిసుంటే కడిగేవాడు కాదు.”

“బూట్లు శుభ్రంగా ఉంటే హత్యా? నీ వాటం చూస్తే రేపు ఊళ్లో చాకళ్లందరినీ అనుమానించేలా ఉన్నావు.”

“నీ బూట్లకి మాత్రం ఆ భయం లేదులే.”

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“ఏంటండీ ఇక్కడ?” వెనకనుంచి మెత్తటి గొంతు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫోను. పెద్దాయన అల్లుడు. ఫ్యాక్టరీ నడిపేది ఆయనే. పనివాళ్లందరికీ ఆయన ‘అల్లుడుగారు’. “మేడమ్, మావయ్యగారు మిమ్మల్ని పిలిచారని తెలిసింది. ఏం కావాలన్నా అడగండి.”

“మొన్న మీరెక్కడున్నారు?”

“వేరే ఊళ్లో. పొద్దున కారులో వెళ్లాను, ఈ ఘోరం తెలిసి రాత్రికి తిరిగొచ్చాను. ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను.”

“ఈ ట్యాంకుకి ఏమైనా లోపముందా?”

“దీనికా? నిరుడే నేను దగ్గరుండి కొన్నాను.”

“పెద్దాయన కూడా అదే అన్నారు. కొత్త ట్యాంకు, దానిమీద ఏ ఫిర్యాదూ ఎప్పుడూ తన చెవిన పడలేదని.”

“మరింకేం?” ఆయన మొండి వైపు చూసి నిట్టూర్చాడు. “పాపం, ఎంతైనా సొంత మనిషి. ఆ బాధలో ఏదో మాట్లాడుతోంది. ఫారంలో ఉన్నది ఫారంలో ఉంది కదండీ.”

“ఫారంలో నేను పెట్టింది లేదు,” అంది మొండి ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ.

అల్లుడుగారు జాలిగా నవ్వి, ఆఫీసు మేడ వైపు వెళ్లిపోయారు.

“నేను లోపలికి దిగుతాను,” అంది డిటెక్టివ్.

“ఆగు.” ఇన్‌స్పెక్టరు చొక్కా చేతులు మడిచాడు. “ఈ కేసు నాది. లోపల రెండో మనిషి ఆనవాలు ఏదీ లేదని నేనే చూసొచ్చి నీ నోరు మూయిస్తాను.”

“ముందు మీ పేరు ఎక్కించాలి సార్,” అంది మొండి స్క్రీను దగ్గరికి నడుస్తూ.

“ముద్దాయే కాపలానా! బాగుంది సంబడం.”

“భయమైతే చెప్పు మరిదిగారూ, నేను దిగుతాను.”

“భయమా? నాకా?” ఆయన నీలం అట్టలు కట్టిన బూట్లు ఏరి మరీ తొడుక్కున్నాడు. నడుం మీద ఆయనకీ ప్రేమే.

మొండి స్క్రీను మీద ‘అవును’ నొక్కింది. డిటెక్టివ్ చూస్తూ ఉండగానే ఆ వరస కింద నాలుగు కొత్త గడులు తెరుచుకున్నాయి. లోపలికి వెళ్తున్నవారు. ఎందుకు వెళ్తున్నారు. దిగిన సమయం. బయటికి వచ్చిన సమయం.

“ఈ గడులు ఇందాకటి కాగితంలో లేవే?”

“‘అవును’ అంటేనే వస్తాయి మేడమ్. లోపల ఎవరూ లేనప్పుడు పేరెందుకని ‘కాదు’ అంటే కనపడవు.” మొండి ‘ఇన్‌స్పెక్టరుగారు’ అని కొట్టింది, ‘చూడటానికి’ అని కొట్టింది, టైం కొట్టింది. “ఇంక దిగండి సార్.”

“ఒకవేళ నువ్విప్పుడు ‘కాదు’ అని మారిస్తే?”

“పోతాయి.”

“పోతే ఎక్కడికి పోతాయి?”

ఆ ప్రశ్న మొండిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. డిటెక్టివ్ జవాబు కోసం ఆగలేదు. అప్పటికే మెట్లు దిగుతోంది.

*

కంప్యూటరు గది ఆఫీసు మేడ మీద వరండా మొదట్లో ఉంది. లోపల ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి, గోరు కొరుక్కుంటున్నాడు. ఈ ఫారం తయారుచేసింది తనేనని చెప్పుకోడానికి ఆయనకి రెండో మాట అడగక్కర్లేదు.

“మొదట అన్ని గడులూ ఎప్పుడూ కనపడేలా పెట్టానండీ. అక్కర్లేని గడులు చూసి పనివాళ్లు తికమకపడ్డారు. అప్పుడు ఈ ఏర్పాటు చేశాను. ‘అవును’ అంటే తెరుచుకుంటాయి, ‘కాదు’ అంటే తప్పుకుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది.”

“తప్పుకున్న గడిలో రాసింది ఏమవుతుంది?”

“ఏమీ అవదు.”

“ఏమీ అవదంటే?”

“అక్కడే ఉంటుందండీ. గడిని కనపడకుండా దాస్తామంతే. తెర దించితే నాటకం వాళ్లు చచ్చిపోరుగా? పొరపాటున ‘కాదు’ నొక్కి మళ్లీ ‘అవును’ నొక్కితే పాపం మొత్తం మళ్లీ కొట్టుకోవాలి కదా అని చెరపకుండా ఉంచాను.”

డిటెక్టివ్ కుర్చీ అంచుకి జరిగింది. “పోలీసులకి ఇచ్చిన ప్రింటులో?”

“స్క్రీను మీద కనపడేదే ప్రింటులో వస్తుంది. ‘కాదు’ అని ఉంది కాబట్టి రెండే వరసలు వచ్చాయి.”

“ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?”

“ఆయన ప్రింటు అడిగాడు, ప్రింటు ఇచ్చాను.” కంప్యూటరాయన భుజాలు ఎగరేశాడు. “ఎవరూ అడగందే మన గొప్ప మనం చెప్పుకుంటే ఏం బాగుంటుంది?”

“ఇప్పుడు నేను అడుగుతున్నాను. దాచిన గడులు తెరువు.”

ఆయన వేళ్లు టకటకలాడాయి. ఫారం పోయి పట్టీ వచ్చింది. ఒక్కో ఫారం ఒక్కో వరస. కనపడేవీ కనపడనివీ అన్నీ పక్కపక్కన. పై వరస మొన్నటిది. అందులో ‘కాదు’ అని ఉంది. దాని పక్కన ఖాళీగా ఉండాల్సిన చోట అక్షరాలున్నాయి.

“నాకు ఒక్క సంగతి చెప్పు,” అంది డిటెక్టివ్ నెమ్మదిగా. “‘అవును’ నొక్కకుండా ఈ గడిలో పేరు కొట్టడం కుదురుతుందా?”

“ఎలా కుదురుతుందండీ? గడే తెరుచుకోదు.”

“తర్వాత ఎవరైనా కొట్టి ఉంటే? నిన్నో, ఇవాళో?”

“నీళ్లు ఒక్క నిమిషం పారితే చాలు, ఆ ఫారం గడ్డకట్టేస్తుంది. నేను కూడా మార్చలేను. ఇందులో ఉన్నదంతా నాలుగింటికి ముందుదే. చివరి మార్పు, ఇదిగో, ట్యాంకు దగ్గరి స్క్రీను నుంచే. నాలుగింటికి కాస్త ముందు.”

అప్పటికి మొండి ఆఫీసు వరండాలో నిలబడి ఉంది. ఫారం ఆమె కార్డు మీద తెరిచే ఉంది. ఆ ఫోను చేసినవాడే మేస్త్రిని లోపల వదిలి ట్యాంకులోంచి పైకొచ్చి, ‘అవును’ని ‘కాదు’ చేశాడు. గడులన్నీ మాయమవడం చూసి చెరిగిపోయాయనుకున్నాడు. బూట్లు కడిగినట్టే ఇదీ కడిగేశాననుకున్నాడు.

డిటెక్టివ్ కళ్లజోడు సర్దుకుని పేరు గడి చదివింది.

‘మేస్త్రి. అల్లుడుగారు.’

మొదటి పేరు మొండి కొట్టింది. రెండోది చుక్క తర్వాత రెండు ఖాళీలు వదిలి, తడుముకుంటూ కొట్టినట్టుంది. గడి నిండనిదే కాలు దించని మనిషి, తనతో దిగే మనిషి పేరు కూడా తన చేత్తోనే ఎక్కించాడు. వేరే ఊళ్లో ఉన్నానన్న మనిషి ఆ మధ్యాహ్నం మూడో ట్యాంకు అడుగున నిలబడి ఉన్నాడు.

“అమ్మో!” అన్నాడు కంప్యూటరాయన. ఆయన చూస్తున్నది పై వరస కాదు, అన్నిటికంటే కింది వరస. ఇవాళ్టిది. ట్యాంకు మూడు, ఇన్‌స్పెక్టరుగారు. “మేడమ్, ఇందాక ఇది ‘అవును’ కదా?”

అక్కడ ‘కాదు’ అని ఉంది.

డిటెక్టివ్ కుర్చీ తోసుకుని లేచింది. “మా మరిది లోపలే ఉన్నాడు!”

‘కాదు’ పోయి ‘అవును’ వచ్చింది. అంతలోనే మళ్లీ ‘కాదు’. మళ్లీ ‘అవును’.

ఆమె బల్ల మీది ఫోను లాగి ట్యాంకు గోడఫోనుకి కలిపింది. కానిస్టేబులు ఎత్తాడు. వెనక మొండి అరుస్తోంది. “సార్, పైకి రండి! పైకి రండి సార్!”

“మేడమ్, ఈ పిల్లకి పిచ్చెక్కినట్టుంది. స్క్రీను మీద గుద్దుతోంది!”

“గుద్దనీ! ఆమెని ఆపావంటే నీ ఇన్‌స్పెక్టరు ఉడికిపోతాడు. నువ్వెళ్లి ఆయన్ని పైకి లాగు!” ఫోను పడేసింది. “వాల్వు గదికి చెప్పు, మీట ముట్టుకోవద్దని!”

“చెప్పి లాభం లేదు మేడమ్.” కంప్యూటరాయన పట్టీ మీద వేలు పెట్టి చూపించాడు. “మీట రెండు చోట్ల ఉంది. వాల్వు గదిలో ఒకటి, అల్లుడుగారి స్క్రీను మీద ఒకటి. ఫారం మార్చే వీలు కూడా ఆయన అడిగితే ఇచ్చాను. ఈ మార్పులన్నీ ఆయన మిషను నుంచే.”

డిటెక్టివ్‌కి అంతా అద్దంలో చూసినట్టు కనపడింది. మొన్న చచ్చిపోయినాయనకి కాపలా మొండి. ఇవాళ ఇన్‌స్పెక్టరుకి కాపలా మొండి. ఒకే మనిషి, ఒకే తప్పు, రెండోసారి. ఇంక ఈ భూమ్మీద ఆమె మాట నమ్మేవాడు ఉండడు.

ఫారం ‘కాదు’ అయి, పచ్చదీపం వెలిగి, మీట నొక్కడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఒక్క ఊపిరి ఇవ్వకుండా అవతల ఒక బొటనవేలు పోట్లాడుతోంది. కాదు. అవును. కాదు. అవును.

“ఆయన గది?”

“వరండా చివర. లోపల గడియ పెట్టుకుంటారు.”

“ఆ గదికి కరెంటు?”

“మెయిను తలుపు పక్కనే బయట…”

ఆమె అప్పటికే పరిగెడుతోంది. మోకాళ్ల నొప్పులు తర్వాత చూసుకోవచ్చు. తలుపు పక్కన ఇనప పెట్టె. మూత ఊడదీసి, అందిన మీటనల్లా కిందికి లాగింది.

తలుపు వెనక ఏసీ గుర్రుమని ఆగిపోయింది. ఒక బూతు మాట వినపడింది. గడియ తీసి అల్లుడుగారు బయటికి తొంగిచూశారు. మెత్తటి గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

“ఎవడ్రా కరెంటు తీసింది?”

“నేనే,” అంది డిటెక్టివ్ ఆయాసపడుతూ, తలుపు సందులో కాలు అడ్డం పెట్టి. “బూట్లకి పట్టిన రంగు కడక్కుండా వదిలేసుంటే బాగుండేది కదూ అల్లుడుగారూ. దొరికి ఉండేవారు కారు.”

*

ఇన్‌స్పెక్టరు ట్యాంకు మూత పక్కన కూలబడి ఉన్నాడు. కుడి బూటులోంచి ఆవిరి వస్తోంది. రెండు దెబ్బల మధ్య ఒక్క క్షణం వాల్వు తెరుచుకుంది. అడుగున చేరిన నీళ్లు చీలమండ దాకా తగిలాయి. కానిస్టేబులు చొక్కా కాలర్ పట్టుకుని లాక్కొచ్చాడు కాబట్టి సరిపోయింది.

“లోపల గోడకి ఒక చీలిక ఉంది వదినా,” అన్నాడు పళ్లు బిగబట్టి. “నా అరచేయంత. పైన రంగు పూసి కప్పారు. దాని పక్కన అలవాటు లేని కాలు జారిన గీత. ఇంత పొడుగు.”

“ఆనవాలు లేదని నా నోరు మూయిస్తానన్నావు?”

“మూయిద్దామనుకుంటే నువ్వు మూస్తావా?” ఆయన తల తిప్పి స్క్రీను వైపు చూశాడు.

మొండి అక్కడే ఉంది. కుడి బొటనవేలు ఇంకా ‘అవును’ మీదే అదిమిపెట్టి ఉంది. గోరు చిట్లి నెత్తురు కారుతోంది.

“ఇంక తియ్యమ్మా,” అంది డిటెక్టివ్. “వాణ్ణి గేటు దగ్గరి కానిస్టేబుళ్లు పట్టుకున్నారు.”

“సారు బయటికి వచ్చిన టైం కొట్టందే తియ్యను.”

ఎడమ చేత్తో టైం కొట్టింది. అప్పుడు తీసింది. వేలు పైటకొంగుకి తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది. “బాబాయి ఫారంలో ఆ గడి?”

“ఖాళీగానే ఉంది.”

ఆమె తల ఊపింది. పొద్దుటినుంచి బిగించి పట్టుకున్న గడ్డం అప్పుడు వణికింది.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పొద్దుటి కాగితం తీశాడు. నాలుగు మడతల ఒప్పుకోలు. రెండుగా చింపాడు, నాలుగుగా చింపాడు. కుంటుతూ లేచి మోకాలి మీద కొత్త కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసింది గట్టిగా చదివాడు. ఆమె ‘అవును’ నొక్కిందనీ, పేరు ఎక్కించిందనీ, పరాయి చేతి మోసానికి బలైందనీ.

“బలైందని తీసెయ్యండి,” అంది మొండి. “నేను బలవలేదు.”

ఇన్‌స్పెక్టరు వదిన వైపు చూశాడు. వదిన ఆకాశం వైపు చూసింది. ఆయన ఆ మాట కొట్టేశాడు.

ఈసారి పెన్ను ఆమే అడిగింది. మూత తీసి, ఆగింది. “దీన్ని ముందు మా పిన్నికి చదివి వినిపిస్తారా?”

“నేనే వస్తాను. కుంటుకుంటూ అయినా సరే.”

ఆమె సంతకం పెట్టింది.

అప్పుడే కంప్యూటరాయన ఒగుర్చుకుంటూ మెట్లెక్కాడు. చేతిలో ప్రింటు. “అన్ని గడులూ తెరిచి తీశాను మేడమ్. కనపడేవీ, కనపడనివీ. ఇందాక మీరు పేరు గడి ఒక్కటే చదివారు.”

డిటెక్టివ్ కళ్లజోడు పెట్టుకుంది. పేరు గడి తర్వాత ఇంకో గడి. ఎందుకు వెళ్తున్నారు. అక్కడ మేస్త్రి ఏదో ఒకటి కొట్టి వదిలెయ్యలేదు. మొండి కొట్టిన ఒక్క మాట పక్కన గడి నిండా కొట్టాడు.

‘కడగడానికి. ట్యాంకు చీలిక అల్లుడుగారికి చూపించడానికి. నిన్న పెద్దాయనకి చూపించాను. ఎవరికీ చెప్పొద్దన్నారు.’

ఆమె రెండోసారి చదివింది. ఇన్‌స్పెక్టరు భుజం మీంచి చదివాడు. ఆయన కాలి మంట మర్చిపోయాడు.

ఏ ఫిర్యాదూ తన చెవిన పడలేదన్న మనిషి. మేస్త్రి ఎలా పోయాడో తేల్చమని ఆమెని పిలిచిన మనిషి.

సంచీలో ఫోను మోగింది. ఆమె తీసి చూసింది. పెద్దాయన.

“వదినా, ఎత్తకు. ముందు ఆలోచిద్దాం.”

“ఎందుకు ఎత్తను?” అని ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“ఏమమ్మా,” అంది అవతల ముసలి గొంతు, ఆప్యాయంగా. “ఏమైనా తేలిందా? ఆ పిల్లదే పొరపాటని రాసెయ్యొచ్చా?”

డిటెక్టివ్ మొండి వైపు చూసింది. మొండి గడ్డం మళ్లీ పైకి లేచింది.

“కాదండీ,” అంది డిటెక్టివ్. “ఇంకో గడి మిగిలింది. మీరు ఇంట్లోనే ఉండండి. ముగ్గురం వస్తున్నాం.”